పిడుగు ఒక్కటే దగ్గలేదు

మా పెద్దమ్మకు ఊరు పెట్టిన పేరు ఎక్స్‌రే. ఎవరైనా గుమ్మంలో నిలబడి "బాగున్నారా?" అంటే చాలు, వాళ్లను తల నుంచి చెప్పుల దాకా ఒకసారి చూసి, "ఏం, బాగాలేనని ఎవరైనా చెప్పారా?" అనేది. పాలవాడి ముందే పాలు వాసన చూసేది. కొట్టతను నవ్వుతూ సరుకు ఇస్తే ఎందుకు నవ్వాడోనని ఇంటికి వచ్చేదాకా ఆలోచించేది. విసుక్కుంటూ ఇస్తే పాత సరుకు అంటగట్టాడని తేల్చేసుకునేది. మా పెద్దనాన్న పెళ్లయిన కొత్తలోనే దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. మాట్లాడటం తగ్గించేశాడు. "మాట అంటూ బయటికొస్తే కదమ్మా, దానికి ఆవిడ అర్థాలు తీసేది" అని నాతో ఒకసారి అన్నాడు. అదే ఆయన నాతో ఆడిన అతి పొడవైన మాట.

ఆ ఊళ్లో నాకు నీళ్ల సరఫరా ఆఫీసులో ఉద్యోగం రావడంతో కొన్నేళ్లు పెద్దమ్మ ఇంట్లోనే ఉన్నాను. ఇల్లంటే ముందు రెండు గదులు, వెనక గుర్రపుశాల. రేకుల కప్పు కింద వరసగా అరలు, ఒక్కో అరకు సగం తలుపు, ఆ తలుపుల మీదుగా బయటికి చూసే ఎనిమిది గుర్రపు మొహాలు. పక్కన ఇసుక పోసిన గుండ్రటి మైదానంలో పిల్లలు స్వారీ నేర్చుకునేవాళ్లు. పెద్దనాన్న ఒక మూల చిన్న గదిలో కూర్చుని జీన్లు, కళ్లేలు కుట్టేవాడు. ఆ గది నిండా తోలు వాసన, మైనం వాసన. గుర్రాల బాగోగులు సాయీసు తాత చూసేవాడు. ఆయన మా అమ్మ వాళ్ల నాన్న కాలం నుంచీ ఉన్న మనిషి. పెద్దమ్మ ఆయన్ని బాబాయ్ అనేది, ఆయన పెద్దమ్మను అమ్మాయీ అనేవాడు. ఆవిడ మొదటిసారి గుర్రమెక్కి బోర్లా పడ్డప్పుడు ఎత్తింది ఆయనే.

రైలు పట్టాలకు అవతల మావయ్య శాల ఉండేది. మావయ్యంటే మా అమ్మకూ పెద్దమ్మకూ ఒక్కగానొక్క తమ్ముడు. మా తాత పోయాక అక్కాతమ్ముళ్లు చీటీలు వేసుకుని గుర్రాలు పంచుకున్నారు. అందరూ ఆశపడిన బూడిదరంగు ఆడగుర్రం మావయ్యకు వెళ్లింది. "నా చీటీ గట్టిగా మడిచుంది, వాడి చీటీ వదులుగా ఉంది. దాన్ని బట్టే తెలియడం లేదూ?" అనేది పెద్దమ్మ. ఏం తెలుస్తుందో మాకెవరికీ తెలియలేదు. ఆ చీటీల దగ్గర ఆగిన మాటలు మళ్లీ మొదలుకాలేదు. మా అమ్మ ఫోన్ చేసి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసేది. ఆవిడ చేరవేసేటప్పుడు మాట మార్చేస్తుందని పెద్దమ్మకు మరో అనుమానం.

అలాంటి ఇంటికి ఒకరోజు పశువుల ఆసుపత్రి నుంచి కొత్త డాక్టరమ్మ వచ్చింది. చిన్నవయసు మనిషి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతిలో ఐసు పెట్టె. గుర్రాలకు ఫ్లూ టీకా వేయడానికి వచ్చానంది.

"గుర్రాలకు ఫ్లూ ఏంటమ్మా? మనుషులకు కదా వచ్చేది" అంది పెద్దమ్మ.

"వాటికీ వేరే రకం ఉందమ్మా. ఒకదానికొస్తే శాలంతా పాకుతుంది. ఇప్పుడో సూది, కొన్ని వారాలకు ఇంకోటి, ఆ తర్వాత మధ్య మధ్యలో గుర్తుచేసినట్టు ఒక్కోటి వేస్తే సరిపోతుంది."

"వేస్తే ఇక రాదంటారా?"

డాక్టరమ్మ కాస్త ఆలోచించింది. "రాదని చెప్పలేను. వచ్చినా తేలిగ్గా పోతుంది. ఏ గుర్రానికి ఎంత పనిచేస్తుందో ముందే తెలీదు."

"తెలీనిదాన్ని సూదిలో పెట్టి ఎందుకు పొడుస్తారు?" అంది పెద్దమ్మ. ఆ తర్వాత అసలు ప్రశ్న వేసింది. "మీరు ఇటు రాకముందు ఎక్కడికెళ్లారు?"

పట్టాల అవతలి శాలకు వెళ్లానని, అక్కడ అన్నిటికీ వేశానని ఆ పిల్ల అమాయకంగా చెప్పేసింది. అంతటితో ఆ కథ ముగిసిపోవాల్సింది. మావయ్య చేయించాడంటే అందులో ఏదో ఉండి తీరాలి. కానీ పెద్దమ్మ పూర్తిగా కాదనలేదు. కాదంటే ఆ "ఏదో" ఏంటో తెలుసుకునే దారి ఉండదు. అందుకని అరల వెంట నడిచి, చివరి అర ముందు ఆగి, "ముందు దీనికి వేయండి, చూద్దాం" అంది.

ఆ చివరి అరలోది పిడుగు. పేరు పెట్టినవాళ్లెవరో దాన్ని నిద్రలో చూసి ఉండరు. దాన్ని మించిన సోమరి గుర్రం ఆ చుట్టుపక్కల లేదు. మైదానంలో దాని మీద కూర్చోబెట్టిన పిల్లలు బొమ్మల పుస్తకం చదువుకోవచ్చు. డాక్టరమ్మ దాని మెడలో సూది వేస్తుంటే అది కనీసం చెవి కూడా కదపలేదు. మర్నాడు మాత్రం మెడ బిగుసుకుని, తల వంచడానికి బద్ధకించి, దాణా ఆలస్యంగా తింది. పెద్దమ్మ దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, ఇన్నాళ్లకు రుజువు దొరికిందన్నట్టు మాకేసి చూసింది. సాయంత్రానికి పిడుగు మామూలుగా తిని మామూలుగా పడుకుంది. కొన్ని వారాలకు డాక్టరమ్మ వచ్చి రెండో సూదీ దానికే వేసింది. తక్కిన ఏడిటినీ ముట్టుకోనివ్వలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకు మావయ్య దూరప్రాంతం నుంచి ఒక ఎర్ర గుర్రాన్ని తెప్పించాడని తెలిసింది. పోటీల్లో దూకిన గుర్రమట, నిండా అయిదేళ్లు లేవట. ఈ సంగతి చెప్పింది మా దగ్గర స్వారీ నేర్చుకునే పిల్ల తల్లి. చెబుతున్నప్పుడు ఆమె కళ్లు మెరిశాయని పెద్దమ్మ కనిపెట్టింది.

"అయిదేళ్లా! వాడు పదేళ్లదాన్ని తెచ్చి అయిదని చెప్పుకుంటుంటాడు. పిల్లలందర్నీ అటు లాక్కోవడానికే ఇదంతా" అంది.

ఆ మధ్యాహ్నం, శాలల్లో అందరూ కునుకు తీసే వేళ చూసి, పెద్దనాన్న కోటు తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుని పట్టాలు దాటింది. మావయ్య శాల వెనక వైపు గడ్డిమోపుల చాటున నక్కి నక్కి వెళితే, చివరి అర సగం తలుపు మీదుగా ఎర్ర గుర్రం తల బయటపెట్టి ఉంది. గుర్రాన్ని దగ్గరగా చూసి ఊరుకోవడం పెద్దమ్మ వల్ల అయ్యే పని కాదు. నుదురు నిమిరింది. అది ఆవిడ చేతిని వాసన చూసి, ముక్కులోంచి బుస్సుమని ఊది, కోటు చేతికి మూతి తుడుచుకుంది. పెద్దమ్మ దాని పెదవి పైకెత్తి పళ్లు చూసింది. పళ్లను బట్టి గుర్రం వయసు చెప్పేయొచ్చు. ఆవిడ లెక్క ప్రకారం దానికి అయిదు కాదు, ఎనిమిది. విజయగర్వంతో ఇంటికొచ్చి, కోటు కొక్కేనికి తగిలించి, నేరుగా శాలలోకి వెళ్లి తుమ్మెదకు దాణా పెట్టింది. తుమ్మెద ఆవిడకు ప్రాణం. ఆ నల్లని ఆడగుర్రం ఆవిడ చేతిలోంచి తప్ప తినేది కాదు.

ఇదంతా ఆవిడే ఆ రాత్రి భోజనాల దగ్గర గొప్పగా చెప్పింది. పెద్దనాన్న తలెత్తకుండా తిన్నాడు.

రెండు రోజులు తిరిగేసరికి తుమ్మెద దాణా ముట్టడం మానేసింది. మూడో రోజు దగ్గు మొదలైంది. గుర్రం దగ్గు విన్నవాళ్లు మరిచిపోలేరు. ఎండిన చెక్కను విరిచినట్టు పొడిగా, గట్టిగా ఉంటుంది. సాయీసు తాత దాని చెవులు పట్టి చూసి, "ఒళ్లు కాలిపోతోంది అమ్మాయీ, ఆ డాక్టరమ్మని పిలుద్దాం" అన్నాడు.

"గడ్డి బూజు పట్టింది బాబాయ్. ఆ గడ్డివాడి పనే ఇది" అని పెద్దమ్మ గడ్డి మోపులన్నీ విప్పించి వాసన చూసింది. బూజు లేదు. అయితే నీళ్లన్నమాట. తొట్టి కడిగించింది. ఈలోగా పక్క అరలోని గుర్రం బొగ్గు దగ్గింది, దాని పక్కది దగ్గింది, దాని పక్కది ముక్కు కార్చింది. ఒక్కో అరే దాటుకుంటూ దగ్గు శాల మొత్తం నడిచింది. చివరి అరలో పిడుగు మాత్రం తోక ఊపుతూ, పక్కవాటి దాణా కూడా తనకే పెట్టకూడదా అన్నట్టు చూస్తోంది.

డాక్టరమ్మ వచ్చేసరికి పెద్దమ్మ దగ్గర వాదన సిద్ధంగా ఉంది.

"సూది వేసినదానికి ఏమీ కాలేదు, వేయనివాటికి వచ్చింది. అంటే మీరు దీంట్లో జబ్బు ఎక్కించారు, ఇది మిగతావాటికి అంటించింది. అవునా?"

నాకు ఆ క్షణం ఆ మాట నిజమే అనిపించింది. పెద్దమ్మ అనుమానాల గొప్పతనం అదే, అవి విన్నంతసేపూ నిజాల్లాగే ఉండేవి.

డాక్టరమ్మ కోపం తెచ్చుకోలేదు. "ఆ సూదిలో ఉండేది చచ్చిన వైరస్ అమ్మా. అది పాకదు. పైగా వేసి నెలలయింది. ఇది ఫ్లూ అవునో కాదో కూడా నాకింకా తెలీదు. చూసి చెబుతాను" అంది. తోకలెత్తి థర్మామీటరు పెట్టి జ్వరాలు చూసింది. సంచీలోంచి మోచేయంత పొడవున్న దూదిపుల్లలు తీసింది. ముక్కు లోపలికంటా పోనిచ్చి, తిప్పి, తీసి, మందునీళ్లున్న సీసాల్లో వేయాలట.

"ఇప్పుడిప్పుడే జ్వరం వచ్చినవాటి నుంచి తీస్తాను. మొదటి రోజుల్లోనే ముక్కులో వైరస్ ఉంటుంది, తర్వాత పోతుంది."

"తుమ్మెద నుంచి కూడా తీయాల్సిందే. అందరికంటే ముందు జబ్బు పడింది అది. దాన్ని వదిలేస్తానంటారేంటి?"

"దాని ముక్కులో ఇప్పుడు దొరక్కపోవచ్చు. సరే, తీస్తాను. కానీ అందుకే రక్తం కూడా తీసుకుంటా. ఇవాళ ఒకసారి, రెండు మూడు వారాలకు ఇంకోసారి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. మొదటిదాంట్లో యాంటీబాడీలు తక్కువుండి రెండోదాంట్లో బాగా పెరిగితే, మధ్యలో ఫ్లూ వచ్చిందని లెక్క. పిడుగుకు టీకా వల్ల ముందునుంచే ఉంటాయి. దానికి రెండుసార్లూ ఎక్కువే కనబడాలి."

ఎలా కనబడాలో ముందే చెప్పిందే, అని పెద్దమ్మ మనసులో గంట మోగింది. ముందే తెలిసినప్పుడు ఇక చూడటం దేనికి? చూడకుండానే ఆఫీసులో కూర్చుని రాసిపడేస్తే అడిగేవాళ్లెవరు?

డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది. రక్తపు గొట్టాల మీద పేర్లు రాసిన చీటీలు ఇంకా తడిగానే ఉన్నాయి. పెద్దమ్మ తుమ్మెద చీటీ పీకి పిడుగు గొట్టానికి, పిడుగు చీటీ తుమ్మెద గొట్టానికి అంటించింది. చూడకుండా రాసేవాళ్లయితే డాక్టరమ్మ చెప్పినట్టే రాస్తారు, దొరికిపోతారు. నిజంగా చూసేవాళ్లయితే రిపోర్టు తలకిందులుగా వస్తుంది. అంతేకాదు, దారిలో పెట్టె మారుస్తారేమోనని డాక్టరమ్మ జీపెక్కి, ఆ ఐసు పెట్టెను చంటిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని ల్యాబు దాకా వెళ్లింది. అక్కడ కళ్లజోడు మనిషి పెట్టె అందుకుంటే, "జాగ్రత్త, నేను ఇక్కడే కూర్చుంటా" అందట. "కూర్చోండమ్మా, టీ తాగుతారా?" అన్నాడట అతను. టీ ఎందుకిస్తున్నాడోనని ఆవిడ తాగలేదు.

శాల నుంచి బయల్దేరే ముందు డాక్టరమ్మ ఒక మాట అడిగింది. "ఈమధ్య ఇక్కడివాళ్లెవరైనా వేరే శాలకు వెళ్లారా? ఇది గుర్రం నుంచి గుర్రానికి గాల్లోనే కాదు, చేతుల మీద, బట్టల మీద కూడా వస్తుంది."

"ఎవరూ వెళ్లలేదు" అంది పెద్దమ్మ ఠక్కున. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ అనుమానించే మనుషుల్లో ఆవిడ ఎప్పుడూ ఉండేది కాదు, అంతే. భోజనాల దగ్గర ఆ గొప్పలు విన్న నాకూ ఆ క్షణం తట్టలేదు. తర్వాత నెమ్మదిగా సాయీసు తాత వైపు తిరిగింది. తాత మేనల్లుడు మావయ్య శాలలో పనిచేస్తున్నాడు.

"బాబాయ్, నువ్వు అప్పుడప్పుడూ మీవాడిని చూసి రావడానికి వెళతావుగా?"

"వాడే మా ఇంటికొస్తాడమ్మాయీ. నేనా గడప తొక్కి ఏళ్లయింది. నీకు కష్టంగా ఉంటుందనే వెళ్లను."

"వెళ్లినవాళ్లెవరైనా వెళ్లానని చెబుతారా?"

తాత చేతిలో ఉన్న గుర్రం దువ్వెనను గోడకున్న మేకుకు తగిలించాడు. భుజం మీది తువ్వాలు దులిపి మళ్లీ వేసుకున్నాడు. "నీ చేతిలోంచి తినే గుర్రాలకు నేను చెడు చేస్తానా?" అని మాత్రం అన్నాడు. మర్నాడు పనిలోకి రాలేదు. వారం తిరక్కుండానే ఆయన మావయ్య శాలలో పనికి కుదిరాడని తెలిసింది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "నేను చెప్పలా!" అంది. గొంతులో గెలిచిన సంతోషం లేదు. శాలలో ఏడు గుర్రాలు దగ్గుతుంటే నీళ్లు మోయడానికి ఆవిడ ఒక్కతే మిగిలింది.

ముక్కు పరీక్షల ఫలితాలు వచ్చాయి. కొత్తగా జ్వరం వచ్చినవాటిలో ఫ్లూ ఉంది. తుమ్మెదలో లేదు. "ఒకే కప్పు కింద ఒకే దగ్గు దగ్గుతుంటే దానికొక రోగం, దీనికొక రోగమా!" అని పెద్దమ్మ పెదవి విరిచింది. జ్వరం కాసిన ఒక్కో రోజుకు ఒక్కో వారం చొప్పున గుర్రాలకు విశ్రాంతి ఇవ్వాలని డాక్టరమ్మ చెబితే అది మరీ వింతగా తోచింది. అన్నాళ్లు మైదానం మూస్తే పిల్లలందరూ ఎటు పోతారు? పట్టాల అవతలికే. ఎవరు చెప్పించి ఉంటారో ఆవిడకు వేరే చెప్పాలా?

బొగ్గు దగ్గు అందరికంటే ముందు తగ్గింది. పెద్దమ్మ దాన్ని మైదానంలోకి తీసి, పిల్లల్ని ఎక్కించి, రెండు పూటలు తిప్పింది. మూడో పూటకు బొగ్గు నిలబడిపోయింది. ముక్కుపుటాలు విప్పార్చి, డొక్కలెగరేస్తూ, గాలి కోసం వెతుక్కున్నట్టు మెడ చాచింది. ఊపిరితిత్తుల్లోకి నిమ్ము చేరింది. డాక్టరమ్మ రోజూ పొద్దున్నే వచ్చి సూదులు వేసింది. ఒక్కసారి కూడా "నేను చెప్పానా లేదా" అనలేదు. తిడుతుందేమోనని ఎదురుచూసి ఎదురుచూసి పెద్దమ్మే ఒకరోజు, "నన్నేమీ అనరేంటి?" అంది.

"అంటే దాని ఊపిరి తేలికవుతుందా అమ్మా?" అని డాక్టరమ్మ బొగ్గు డొక్క మీద చెవి ఆనించింది.

బొగ్గు బతికింది. కానీ ఆ తర్వాత ఎప్పుడూ పరుగెత్తలేదు. నాలుగడుగులు వేస్తే ఊపిరిలో పిల్లి కూతలు వినబడేవి.

రెండోసారి రక్తం తీసుకుని వెళ్లాక కొన్నాళ్లకు డాక్టరమ్మ రిపోర్టులతో వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. పెద్దనాన్న తన గది గుమ్మంలో కూర్చుని జీను కుడుతున్నాడు. నేను ఆఫీసుకు బయల్దేరబోతూ ఆగాను.

"మీకు క్షమాపణ చెప్పుకోవాలమ్మా" అంది డాక్టరమ్మ. "మిగతా గుర్రాలన్నిటికీ ఫ్లూ అని తేలింది. కానీ తుమ్మెద, పిడుగు లెక్కలు కలవడం లేదు. టీకా వేసిన పిడుగు రక్తంలో మొదటిసారి ఏమీ లేదట. టీకా మొహమే చూడని తుమ్మెదకు మొదటి రోజే నిండుగా ఉన్నాయట. అలా జరగదు. ల్యాబులో రెండోసారి కూడా చేసి చూశారు, అలాగే వచ్చింది. వాళ్ల తప్పు కాదు. ఆ రోజు చీటీలు అంటించింది నేను. నేనే తారుమారు చేసి ఉంటాను. పై అధికారికి అలాగే రాసిచ్చాను."

ఇన్నేళ్లలో పెద్దమ్మ ఎంతోమందిని నిలదీసింది. పాలవాడు పాలు మంచివే అన్నాడు, గడ్డివాడు గడ్డి మంచిదే అన్నాడు, మావయ్య చీటీలు సరిగ్గానే మడిచానన్నాడు. ఎవరూ అడగకుండానే ఎదురుగా నిలబడి తప్పు నాదేనేమో అన్న మనిషిని ఆవిడ చూడటం అదే మొదలు. అదీ, చేయని తప్పుకు.

"మీరు కాదు" అంది చివరికి. "చీటీలు మార్చింది నేను. మీరు చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు."

"ఎందుకమ్మా?"

"చూడకుండా రాస్తారేమోనని."

డాక్టరమ్మకు కోపంతో చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత రిపోర్టు మళ్లీ విప్పి, వేలితో రెండు అంకెల్ని అటుది ఇటు, ఇటుది అటు కలిపి చూసుకుంది. "అలా అయితే అన్నీ సరిపోతాయి" అంది నెమ్మదిగా. "తుమ్మెదకు ఫ్లూ వచ్చి పోయింది. పిడుగును టీకా కాపాడింది. ఇంకోసారి అనుమానమొస్తే నన్ను అడగండమ్మా. నా ముందే మార్చండి, నేనూ కలిసి ల్యాబుకు పరీక్ష పెడతాను. నా నుంచి దాచి చేస్తే జబ్బు మీ గుర్రాలది, దెబ్బ మీ గుర్రాలకే."

పెద్దమ్మ తలూపింది. అప్పుడు డాక్టరమ్మ ఇంకో సంగతి చెప్పింది. మావయ్య శాలలో ఎర్ర గుర్రానికి పరీక్ష చేస్తే దానికీ ఫ్లూ వచ్చి పోయినట్టు తేలిందట. దానికి టీకా ఎప్పుడో వేశారు కానీ మళ్లీ వేయించలేదు, అందుకే జబ్బు వచ్చినా కాస్త ముక్కు కారి తగ్గిపోయింది. అక్కడి మిగతా గుర్రాలకు టీకాలున్నాయి, దగ్గలేదు. "అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చిందో మాత్రం తెలీదు."

"సాయీసు బాబాయే..." అని పెద్దమ్మ మొదలుపెట్టింది.

"నా కోటు" అన్నాడు పెద్దనాన్న.

అందరం అటు తిరిగాం. ఆయన సూది జీనులో గుచ్చి, కొక్కేనికి వేలాడుతున్న కోటు వైపు చూపించాడు. "నువ్వు ఆ గుర్రం పళ్లు చూసి వచ్చిన రోజు కోటు చేతికి చీమిడి ఉంది. నేనే ఉతికాను. చెబుదామనుకున్నా." ఇంకేదో అనబోయి ఆగి, "చెప్పాల్సింది" అన్నాడు.

పెద్దమ్మ రెండు చేతులూ తిప్పి చూసుకుంది. ఆ చేతులతోనే కదా తుమ్మెదకు దాణా పెట్టింది. కుర్చీ కోసం వెనక్కి తడుముకుంటూ కూర్చుంది. శాలలోంచి బొగ్గు ఊపిరి వినబడుతూనే ఉంది. "ఆ ముసలాయన్ని నేను ఎంత మాటన్నాను!" అంది. అంతే. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, అప్పుడు కూడా చూడలేదు.

ఆ సాయంత్రమే పట్టాలు దాటింది. ఈసారి ముందు గేటు నుంచి. నన్ను తోడు రమ్మంది. మావయ్య గేటు దగ్గరే ఎదురయ్యాడు. తలుపు తీయలేదు.

"ఏంటక్కా, ఇటొచ్చావు?" గొంతులో పలకరింపు కంటే అనుమానమే ఎక్కువ. మా ఇంటి రక్తం ఆయనలోనూ ఉందిగా.

"బాబాయ్ కోసం వచ్చాను."

"ముందు చేతులు కడుక్కో. ఆ తొట్టిలో కాళ్లు ముంచి రా. డాక్టరమ్మ అందరికీ అదే చెప్పింది." పెద్దమ్మ మారు మాట్లాడకుండా మందునీళ్ల తొట్టిలో చెప్పులతోనే నిలబడింది. మావయ్య సబ్బు అందించి, కుళాయి తిప్పి, ఆవిడ మోచేతుల దాకా రుద్దుకునేదాకా చూశాడు. అప్పుడన్నాడు, "ఆ రోజు నువ్వు వెనకనుంచి వచ్చావు. బావ కోటు వేసుకుని."

పెద్దమ్మ చేతులు ఆగిపోయాయి. "చూశావా?"

"గడ్డిమోపుల అవతల నేనూ ఉన్నాను. ఇన్నేళ్లకు వచ్చావు కదా, పిలుస్తావేమోనని ఆగాను. నువ్వు దాని నోరు తెరిచి చూసి వెళ్లిపోయావు." ఆయన కుళాయి కట్టేశాడు. "అప్పటికే దాని ముక్కు కారుతోంది. చలిగాలికేమోలే అనుకున్నా. కొత్త గుర్రం జబ్బుదని నీకు తెలిస్తే ఊరంతా చాటుతావని వెనక అరలో కట్టేశాను. అది జబ్బుది, దాని జోలికి పోకు అని ఒక్క మాట అరిచుంటే సరిపోయేది."

"అరిచినా నేను నమ్మేదాన్ని కాదు" అంది పెద్దమ్మ.

ఆవిడే మళ్లీ, "దానికి ఎనిమిదేళ్లురా. నిన్ను మోసం చేశారు" అంది.

"తెలుసు. కొన్నాక తెలిసింది" అని మావయ్య గేటు తీశాడు.

సాయీసు తాత లోపల బూడిదరంగు గుర్రం జూలు దువ్వుతున్నాడు. పెద్దమ్మ వెళ్లి ఎదురుగా నిలబడి, "తెచ్చింది నేను బాబాయ్. నిన్ను అనకూడని మాట అన్నాను. వచ్చేయ్" అంది. తాత వెంటనే వచ్చేయలేదు. చేతిలో పని పూర్తిచేశాడు. "నీ మాటకు నొచ్చుకోలేదు అమ్మాయీ, నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. కానీ నువ్వా మాటంటే, నిజంగానే నా చేతుల మీద వచ్చిందేమోనని నాకే అనుమానమొచ్చింది. ఇన్ని రోజులూ ప్రతి గుర్రాన్నీ ముట్టుకోవాలంటే భయమేసింది. అది మాత్రం కష్టంగా ఉంది" అన్నాడు. ఆ నెలాఖరు దాకా మావయ్య దగ్గరే చేసి, తర్వాత మా శాలకు తిరిగొచ్చాడు. వచ్చాక కూడా కొన్నాళ్లు పెద్దమ్మ దగ్గరికొస్తే మాట తగ్గించేవాడు. అది సర్దుకోవడానికి సమయం పట్టింది.

గుర్రాలు కోలుకున్నాక డాక్టరమ్మ అన్నిటికీ టీకాలు వేసింది. పెద్దమ్మ మారిపోయిందని చెబితే మీరు నమ్మకండి. ప్రతి సీసా మీదా గడువు తేదీ చూసింది. ఐసు కరిగిందేమోనని పెట్టెలో చెయ్యి పెట్టింది. సూది కొత్తదేనా అని అడిగింది. డాక్టరమ్మ మాత్రం ఇప్పుడు నవ్వేది. "ఇవన్నీ అడిగేవాళ్లే కావాలమ్మా నాకు. అడగకుండా తలుపేసేవాళ్లతోనే ఇబ్బంది" అనేది.

నేను ఆ ఊరు వదిలేముందు చూసిన ఒక దృశ్యం చెబుతాను. ఊరవతల ఇటుక బట్టీలో గాడిదలతో ఇటుకలు మోయించే మనిషి ఒకాయన ఉండేవాడు. ఫ్లూ గాడిదల్నీ వదలదు, వాటికి ఇంకా గట్టిగా తగులుతుందట. ఆయన డాక్టరమ్మను గేటు లోపలికి రానివ్వలేదు. ఆవిడ విసిగిపోయి పెద్దమ్మను తోడు తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను.

బట్టీ మనిషి మమ్మల్ని తల నుంచి కాళ్ల దాకా చూశాడు. "నీకేం లాభమని వచ్చావమ్మా?" అన్నాడు పెద్దమ్మతో.

"ఏమీ లేదు."

"ఏమీ లేకుండా ఎవరైనా ఇంత దూరం వస్తారా?"

ఆ ప్రశ్నకు ఆవిడ మొహంలో ఒక మెరుపు మెరిసింది. చాలాకాలానికి తన భాష మాట్లాడే మనిషి దొరికినట్టు. ఇటుకల దొంతర మీది దుమ్ము చేత్తో తుడిచి కూర్చుంది.

"మంచి ప్రశ్నే అడిగావు. ఇంకా ఏమేం అనుమానాలున్నాయో అన్నీ అడుగు" అంది. "ఆ డాక్టరమ్మ తెలిసింది చెబుతుంది, తెలియంది తెలీదంటుంది. నేను చూశాను. నాకేం తొందర లేదు."

బట్టీ మనిషి లోపలికి వెళ్లి తనకోసం ఒక పీట తెచ్చుకున్నాడు.